నరానికీ ఆకలేస్తుంది

వందనాలు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బస్సులో సీటిచ్చిన వాళ్ళకి, తూకంలో నాలుగు చిక్కుడుకాయలు ఎక్కువ వేసిన ఆవిడకి, పొద్దున్నే కళ్ళు తెరిపించిన దేవునికి. అన్నం ముందు కూర్చుంటే పండించిన చేతికీ వండిన చేతికీ విడివిడిగా చెప్తాను. అలాంటిదాన్ని ఈ ఏడాది కొందరికి చెప్పలేకపోతున్నాను. చెప్పకపోవడమే కాదు, వాళ్ళని తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. మంట చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. నరం దెబ్బ తిన్నవాళ్ళెవరైనా చదివి నేను చేసిన పని చెయ్యకుండా ఉంటారేమోనని, ఇక మంటతోనే రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. మా నాన్న కంకిపాడు అవతల కాలువ మీద లస్కరు. ఏ తూముకి ఎంత నీరు వెళ్ళాలో చూసే ఉద్యోగం. ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు, నీటిమట్టం రాసే పుస్తకం ముందు పెట్టి అంకెలు నేర్పారు. అంచేత డాక్టర్ల మాటలు నాకు అర్థమైన తీరులోనే చెప్తాను. తప్పులుంటే నావి.

జనవరి

క్రిస్మస్ నక్షత్రం వసారాలో ఇంకా వేలాడుతోంది. పక్కింట్లో ఉండే మా సుగుణ వదిన గోడ మీంచి కేకేసింది. "ఇంకెన్నాళ్ళే కరుణా ఆ నక్షత్రం? జ్ఞానులొచ్చారు, వెళ్ళారు, ఒంటెలు కూడా ఇళ్ళకి చేరిపోయాయి."

సుగుణ వదిన మా ఆయన అక్క. తల్లి పోయాక మా ఆయన్ని ఎత్తుకుని పెంచింది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ మాటంటే మా ఇంట్లో చట్టం. స్టూలెక్కాను. స్టూలు కాలు గచ్చు మీద జారింది. కుడి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది.

నొప్పి గురించి రాయను. నొప్పి అందరికీ తెలిసిందే. తెల్లారి కట్టు లోంచి బయటికొచ్చిన చేతిని చూశాను. మణికట్టు కోసిన కోడి మెడలా వేలాడుతోంది. లెమ్మన్నాను. లేవలేదు. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ తెరుచుకోవడం లేదు. చెయ్యి నాదే, నన్నెరగనట్టుంది.

నేను జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తాను. ఇరవై ఏళ్ళుగా. గుడ్డని చట్రానికి బిగించి, పైనుంచి కుడిచేత్తో సూది దించి, కింద ఎడమచెయ్యి అందించే దారాన్ని కొక్కెంతో పైకి లాగాలి. మణికట్టు నిలబడకపోతే ఆ సూది గుచ్చుకుంటుందే తప్ప లాగదు. పెళ్ళిళ్ళ కోసం ఒప్పుకున్న జాకెట్లన్నీ వెనక్కిచ్చేశాను. ఒకామె తీసుకెళ్తూ, "పోనీలే ఆంటీ, మీకేమైనా పర్లేదు గానీ మా ముహూర్తం దగ్గరికొచ్చేసింది" అంది. నోరు జారిందని ఆమెకే తెలియలేదు.

సూర్యారావుపేటలో ఆసుపత్రి. ఇనప కుర్చీలు, టోకెన్లు, గోడ మీద మాట వినపడని టీవీ. టోకెన్లు పిలిచే అమ్మాయి మా పేర్లు పలకదు, "చెయ్యి", "మోకాలు", "నడుం" అని పిలుస్తుంది. నేను చెయ్యిని. పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిని ఎగాదిగా చూసి, "మా తోడల్లుడికీ ఇదే అయ్యిందమ్మా. ఎండిపోయి కందిపుల్లయ్యింది" అన్నాడు. నేనేం అడిగానని?

అక్కడే ఇంకొకావిడ నా జడ విడిపోయుండడం చూసి, ఏమీ అడక్కుండా లేచొచ్చి దువ్వి అల్లింది. రబ్బరు బ్యాండు తన జడది తీసి పెట్టింది. ఎవరో తెలియదు. ఆవిడకి వందనాలు.

డాక్టరు గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఎముక అతుక్కుంటుందమ్మా. నరం సంగతి ఆగి చూడాలి. ఎముక విరిగినప్పుడు నలిగింది."

"ఎన్నాళ్ళాగాలండీ?"

"రోజుకి మిల్లీమీటరు పెరుగుతుంది, అదీ అన్నీ సవ్యంగా ఉంటే. ఎండాకాలం వెళ్ళేలోపు మణికట్టు లేవాలి. లేవకపోతే వేరే కండరాన్ని మళ్ళించి కలిపే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం."

"ఆ ఆపరేషన్ చేస్తే మగ్గం పని చెయ్యగలనాండీ?"

ఆయన నా వైపు చూడకుండా చీటీ రాశారు. "గ్లాసు పట్టుకోగలరు" అన్నారు.

అంతే. ఎండాకాలం చివరిదాకా గడువు. అటు చెయ్యి, ఇటు గ్లాసు.

ఫిబ్రవరి

సూదులు గుచ్చి కరెంటు పెట్టి చేసే పరీక్షొకటి ఉంది. చేసినాయన, "నరం పైతొడుగు తెగలేదు, లోపలి పోగులు నలిగి చచ్చాయి. మళ్ళీ మొలవడానికి దారి మాత్రం ఉంది" అన్నాడు. దారి ఉంది అన్న మాటని ఇంటిదాకా జాగ్రత్తగా తెచ్చుకున్నాను.

ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు వెళ్ళేదాన్ని. అక్కడ రెహానా అనే అమ్మాయి నా చేతికి కాపలా. పాతికేళ్ళుంటాయేమో. నా మణికట్టుని వాలిపోకుండా నిలబెట్టే స్ప్లింటులో పెట్టి, ఒక చీటీ వెనక బొమ్మ గీసింది.

"ఆంటీ, నరమంటే కరెంటు తీగ కాదు. బతికున్న కణం. దాని ఇల్లు ఇక్కడ, మెడ దగ్గర వెన్నులో. అక్కడ్నించి ఒక్కటే పోగు సాగి చేతిదాకా వస్తుంది. నలిగిన చోట ఆ పోగు కొస మళ్ళీ మొలవాలి. మొలకెత్తేదానికి ఎంత బలం కావాలి చెప్పండి?"

"చాలా."

"ఆ బలం తయారుచేసే బుల్లి బుల్లి పొయ్యిలుంటాయి కణంలో. దెబ్బ తగిలితే ఆ పొయ్యిలు పోగు లోపల్నించే నడిచి దెబ్బ దగ్గరికి వెళ్తాయి. వంటమనిషి పొయ్యెత్తుకుని పెళ్ళింటికెళ్ళినట్టు."

"మరి కట్టెలో?"

"మీరు తినే తిండే కట్టెలు. ఇంకో తమాషా చెప్పనా? పోగుని చుట్టుకుని వేరే కణాలుంటాయి. అవి చక్కెరని సగం అరిగించి ఆ పోగుకి అందిస్తాయంట. అమ్మ నమిలి పిల్ల నోట్లో పెట్టినట్టు. కాబట్టి గుడ్లు, చేపలు, పాలు, పప్పు, ఏవీ మానకండి. చేతికి నేను పని చెప్తాను, కూలి మీరివ్వాలి."

నాకు వెంటనే అర్థమైంది. నేను కాలువ మీద పెరిగినదాన్ని. పైన నీళ్ళు తగ్గితే ముందు ఎండేది కాలువ చివరి శివారు పొలమే. కాలువ మొదట్లో, తలగట్టున ఉన్నవాళ్ళకి ఎప్పుడూ తడే. శరీరంలోనూ గుండె, మెదడు తలగట్టు మీద ఉంటాయి. నా మణికట్టు శివారు. ఇది డాక్టర్ల మాట కాదు, నేను అనుకున్నది.

అర్థమైనదాన్ని కదా. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఎందుకంటే ఆ నెల్లోనే, ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమ దినాలు మొదలయ్యాయి. మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతుంది. ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆ నలభై రోజులూ చార్టు మీద గళ్ళు గీసి, ఆడవాళ్ళు వంతులేసుకుని ఆ మనిషి కోసం ఉపవాసం ఉంటారు. ఒక్కొక్కళ్ళకి మూడు నాలుగు రోజులు పడతాయి. జబ్బు మనిషి మాత్రం నలభైకి నలభై ఉండాలి. సాయంత్రం ప్రార్థన అయ్యాక గంజి.

వదిన చార్టు తెచ్చి మా ఇంట్లో గోడకి అంటించింది. పైన పెద్దక్షరాలతో నా పేరు.

"వదినా, తిండి మానొద్దన్నారు ఆసుపత్రిలో" అన్నాను.

"అన్నారా? నీకు తిండి పెట్టమని చెప్పడానికి వాళ్ళకి చదువెందుకు, మా పాలేరు కూడా చెప్తాడు. పదకొండు మంది ఆడోళ్ళు నీ కోసం కడుపులు మాడ్చుకుంటుంటే నీ గొంతులో గుడ్డు దిగుద్దా?"

"అది కాదు…"

"నీ చెయ్యి ఎందుకు లేవట్లేదో నాకు తెలుసే. చర్చిలో అందరూ చేతులెత్తితే నువ్వు ఎడంచెయ్యి ఎత్తుతున్నావు. ఆ కుడిచేతిని నువ్వే వదిలేశావు. విశ్వాసం చాలట్లేదు."

మా ఆయన రైసుమిల్లులో మెకానిక్కు. ఎంత పెద్ద మిషనైనా విప్పి బిగిస్తాడు గానీ అక్క ముందు నోరు విప్పడు. ఆ రోజూ గుమ్మంలో నిలబడి గోళ్ళలో గ్రీజు తీసుకుంటూ ఉన్నాడు.

ఎవరూ నా నోరు కుట్టెయ్యలేదు. సరే అన్నది నేనే. పదకొండు మంది నా కోసం పస్తుంటారన్న మాటకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. కృతజ్ఞత. నాకున్న జబ్బుల్లో అది కూడా ఒకటని అప్పుడు తెలియదు.

మార్చి

పస్తు మొదటి వారం తేలిగ్గా ఉంది. పాపం కడిగినట్టు, పవిత్రంగా. రెండో వారానికి మెట్లెక్కితే కళ్ళ ముందు మిణుగురులు. మూడో వారానికి కుడి ముంజేయి పైకండ ఇంకా పల్చబడింది. వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుని గుంజి చూసేది. "ఏదీ, ఎత్తు. ఎత్తవే. ఊఁ." లేవకపోతే పెదవి విరిచి వెళ్ళేది. వంతు ప్రకారం ఉపవాసం ఉన్న ఒకావిడ, "నా మూడు రోజులూ అయిపోయాయి కరుణా, ఇంక నీ ఇష్టం" అని చెప్పి పోయింది, సరుకు దింపేసినట్టు.

రెహానా అడిగేది. "పొద్దున ఏం తిన్నారాంటీ?"

"ఇడ్లీ అమ్మా."

నలభై నాలుగేళ్ళ దాన్ని, దేవుని పేరు మీద ఉపవాసం ఉంటూ రోజూ అబద్ధం ఆడాను. ఆ వింత అప్పుడు నాకు తట్టలేదు.

ఆ పిల్ల కూడా ఆ నెలంతా పస్తే. వాళ్ళకి రంజాన్. పెదాలు ఎండిపోయి, గొంతు కీచుగా అయినా నా వేళ్ళని ఒక్కొక్కటే తెరుస్తూ లెక్కపెట్టేది. ఇద్దరం పస్తులే, ఒకరికొకరు చెప్పుకోలేదు. ఆమెది నాకు తెలుసు. నాది ఆమెకి తెలియదు.

ఒకరోజు బల్ల మీంచి లేచాను. అంతే గుర్తు. కళ్ళు తెరిచేసరికి కింద ఉన్నాను, కాళ్ళ కింద దిండుంది. టోకెన్లు పిలిచే అమ్మాయి విసురుతూ, "ఈ చెయ్యి కళ్ళు తెరిచింది మేడం" అంటోంది. తూకం చూశారు. జనవరి మీద ఆరు కిలోలు తక్కువ.

"ఇడ్లీ తిన్నారు కదా?" అంది రెహానా.

చెప్పేశాను. చార్టు, గళ్ళు, పదకొండు మంది, గంజి. ఆమె ముఖం గట్టిపడింది.

"ఎన్ని రోజులయ్యింది?"

"ఇరవై ఎనిమిది."

"నన్ను ఇరవై ఎనిమిది రోజులు వెర్రిదాన్ని చేశారు. నేను మీ చేతిని తోస్తూనే ఉన్నాను, మీరు దాన్ని వెనక్కి లాగుతున్నారు." తూకం రాసిన చీటీ నా ముందు పెట్టింది. "మాలో జబ్బు మనిషికి రోజా ఉపవాసం లేదు ఆంటీ. బాగయ్యాక ఉండొచ్చు. అది కూడా చాతకాకపోతే బీదవాళ్ళకి అన్నం పెడితే చాలు. దేవుడు చంపుకోమనడు. మీ దేవుడు అన్నాడా?"

అనలేదు. నేను బైబిలు మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివానో. జబ్బుతో చనిపోయి మళ్ళీ లేచిన పిల్లకి తినడానికి పెట్టమన్నాడు. అది కూడా చదివాను.

ఆ అమ్మాయి సంచీలోంచి అరటిపండు తీసింది. సాయంత్రం తను రోజా విడవడానికి తెచ్చుకున్నది. వలిచి, చిన్న ముక్క తుంచి నా నోటి దగ్గర పెట్టింది. పొద్దుటి నుంచి నీళ్ళు కూడా తాగని పిల్ల వలిచి పెడుతుంటే నేను తిన్నాను. సిగ్గుతో తిన్నాను. మొత్తం తిన్నాను.

డాక్టరు గారు రక్తపరీక్ష చూసి అరిచారు. రక్తం లేదు, నరాలకి కావలసిన విటమిన్ అట్టడుగున ఉంది. "పస్తు వల్లే నరం ఆగిందని నేను చెప్పను. దానంతటదే ఆలస్యం కావొచ్చు. కానీ గోడ కట్టేవాడికి అన్నం పెట్టకుండా గోడెందుకు లేవలేదని నా దగ్గరికి రాకండి." కబురందుకుని వచ్చిన మా ఆయన వైపు తిరిగి, "మీరేం చేస్తుంటారు?" అన్నారు. "మెకానిక్కునండీ." "డీజిల్ లేకుండా నడుపుతారా?" 

ఇంటికెళ్ళేటప్పుడు బస్సు దిగి కొట్టుకెళ్ళి గుడ్ల అట్ట కొనుక్కొచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అక్క మాటకి ఎదురెళ్ళడం అదే మొదలు. అదీ నోటితో కాదు, ముప్పై గుడ్లతో.

వదిన వచ్చేసరికి నేను ఎడంచేత్తో గుడ్డు తింటున్నాను. చార్టు వైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది.

"ఇంకా పన్నెండు రోజులుంది."

"పడిపోయాను వదినా. ఆరు కిలోలు తగ్గాను."

"తగ్గనీ. యుద్ధం మధ్యలో అన్నానికి కూర్చున్నావు నువ్వు. ఇంత మందిని పస్తులుంచి." గోడ మీద చార్టుని సర్రున చింపింది. "గుర్తుపెట్టుకో. మధ్యలో తుంచినదానివి నువ్వు. రేపు ఆ చెయ్యి పుల్లయిపోతే నన్నడక్కు. దేవుణ్ణీ అడక్కు."

ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. జబ్బు మనిషిని శపించి, దానికి దేవుని పేరు పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్, మే

ఆ శాపం నాలో దిగింది. అదే అసలు నిజం. కోపం పైకుంది, కింద భయం. గుడ్డు తింటుంటే, ఇది తింటున్నందుకే చెయ్యి రాదేమో అనిపించేది. విటమిన్ సూది వేయించుకుంటూ క్షమించమని ప్రార్థన చేసేదాన్ని, ఎందుకు క్షమించమంటున్నానో తెలియకుండానే. తిండి తినడానికి ఇంత ధైర్యం కావాలని ఎవరూ చెప్పలేదు.

స్త్రీల సమాజం నుంచి ఒక్కరూ రాలేదు. చర్చిలో చాప మీద నా పక్క జాగా ఖాళీగా ఉండేది. రోహిణి ఎండలు. ఎండాకాలం కరిగిపోతోంది. ప్రతి ఉదయం నీళ్ళలో చెయ్యి పెట్టి లెమ్మనేదాన్ని. లేదు. దేవునితో నేను అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. "నీకు నా పస్తు కావాలా, నా చెయ్యి కావాలా, తేల్చు" అన్నాను ఒకసారి గట్టిగా. వంటింట్లో మా ఆయన గరిటె ఆపేశాడు. ఆ నెలల్లో వంట ఆయనదే. ఉలవచారు తప్ప ఏదీ బాగా రాదు. అందుకని వారానికి నాలుగు రోజులు ఉలవచారే. దానికి వందనాలు. రోజూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

మే చివర్లో రెహానా మోచేతి పక్కన వేలు పెట్టి, "మళ్ళీ లాగండి" అంది. "మళ్ళీ." తరవాత నా ఎడంచెయ్యి తీసి అక్కడ పెట్టింది. చర్మం కింద ఏదో చేపపిల్ల తోక ఆడించినట్టయింది.

"ఇది మణికట్టు కాదు, దానికి ముందు వచ్చే కండ. నరం ఇక్కడిదాకా వచ్చింది. ఎగరకండి" అంది, తనే ఎగురుతూ.

జూన్

గడువు అయిపోతోంది. డాక్టరు గారు ఆపరేషన్ కాగితాలు మా ఆయన చేతిలో పెట్టి, "వచ్చే వారం మాట్లాడదాం" అన్నారు. కాగితాలు సంచీలో ఉండగానే ఫిజియోథెరపీ బల్ల దగ్గర కూర్చున్నాను. ముంజేయి బల్ల మీద, మణికట్టు అంచు మీంచి వేలాడుతూ. ఐదు నెలల్లో ఎన్ని వందలసార్లు అన్నానో, ఆ రోజూ లెమ్మన్నాను.

లేచింది. బియ్యపుగింజంత. మళ్ళీ పడిపోయింది.

రెహానా కుర్చీ వెనక్కి తోసింది. పక్క బల్ల మీద మోకాలికి కరెంటు పెట్టించుకుంటున్నావిడని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "ఆంటీ, మళ్ళీ. ఈవిడకి చూపించండి." మళ్ళీ లేపాను. ఆ మోకాలావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. కాగితాలు సంచీలోంచి బయటికి రాలేదు.

జులై

మణికట్టు నిటారుగా నిలబడేసరికి నా చేతికి సొంతదారులు ఎక్కువయ్యారు. సుగుణ వదిన నన్నడక్కుండానే చర్చిలో ప్రకటించింది. మా సమాజం నలభై రోజుల ఉపవాస ప్రార్థనకి జవాబొచ్చింది, ఆదివారం కరుణ సాక్ష్యం చెప్తుంది అని.

వెళ్ళకుండా ఉందామనుకున్నాను. ఆ ఆదివారం ముందు వరసలో కొత్త మనిషి కనపడింది. ఇరవై రెండేళ్ళుంటాయి, ఒళ్ళో పాలు తాగే పసిబిడ్డ. ముఖం నరం వాచి ఒక పక్క నోరు కిందికి జారింది, ఒక కన్ను మూతపడడం లేదు. పక్కన వాళ్ళమ్మ. ఇవి శ్రమ దినాలు కాకపోయినా వదిన చేతిలో చుట్టిన చార్టు. ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి నన్ను చూపిస్తూ, "చూడు, ఆవిడ కూడా ఇలాగే ఉపవాసముంది. నలభై రోజులు. ఇప్పుడు చూడు" అంటోంది.

మైకు పట్టుకున్నాను. కుడిచేత్తో. వేళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోవు, పట్టుకోడానికి చాలు.

"నా చెయ్యి దేవుడే ఇచ్చాడు. అందులో నాకు అనుమానం లేదు" అన్నాను. స్తోత్రం అన్నారందరూ. "నేను ఉపవాసం ఉన్నది నలభై రోజులు కాదు, ఇరవై ఎనిమిది. చెయ్యి రాలేదు, నేను పడిపోయాను. తర్వాత గుడ్లు, చేపలు తిన్నాను, సూదులేయించుకున్నాను. చెయ్యి వచ్చింది. దేనివల్ల వచ్చిందో డాక్టరు గారే ఒట్టేసి చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ నరం బతికున్న ప్రాణి. దానికి ఆకలేస్తుంది. జబ్బులో ఉన్నవాళ్ళు, పిల్లలకి పాలిచ్చేవాళ్ళు, ఎవరు చెప్పినా పస్తుండకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఉండండి, ఉండి ఆ అన్నం వాళ్ళకి పెట్టండి."

"మైకు తీసుకోండి అయ్యగారూ" అంది వదిన, పైకే.

పాస్టరు అయ్యగారు, "సోదరీ, సమయం…" అన్నారు. "అయిపోయిందండీ, వందనాలు" అని ఇచ్చేశాను. పాట అందుకున్నారు. నేను మెట్లు దిగి బయటికొచ్చాను. వదిన వెనకే వచ్చింది.

"సభలో నా పరువు తీశావు. తమ్ముడి మొహం చూసి ఊరుకుంటున్నాను."

"ఊరుకోకండి వదినా. నేను ఊరుకోవట్లేదు."

"నీ కోసం నేను ఎంత ఏడ్చానో దేవునికి తెలుసు."

ఏడ్చింది. అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా కోపం. మంచి మనసుతో నా శివారు ఎండబెట్టింది. ఆవిడ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. క్షమించానని మాత్రం రాయలేను, ఎందుకంటే క్షమించలేదు.

మేమిలా మాట్లాడుకునేలోపే బయటికొచ్చి, చెప్పులు వదిలే రేకుల కింద ఆ పిల్లా వాళ్ళమ్మా కూర్చుని ఉన్నారు. తల్లి స్టీలు డబ్బా మూత తీసింది. పెరుగన్నం. ఆ పిల్ల నా వైపు చూడలేదు. వంకర నోట్లోంచి మెతుకులు జారకుండా చెంపని వేలితో నొక్కిపెట్టి ఒక ముద్ద పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఇంకో ముద్ద.

వదిన చార్టు పట్టుకుని అటు రెండడుగులు వేసింది. నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ పక్కకి జరిగితే నేనూ జరిగాను. ఇద్దరం ముసలి ఎద్దుల్లా ఎదురెదురుగా, లోపల పాట మూడో చరణానికి వచ్చేదాకా. ఆ పిల్ల డబ్బా ఖాళీ చేసి మూత పెట్టేవరకూ నేను అక్కణ్ణించి కదల్లేదు.